బజారు దారిలో ఎరుక

ధ్యానమనగానే లోకులకు స్ఫురించునవి ఏకాంతము, పద్మాసనము, మూసిన కన్నులు. దేవునికి గుడి యున్నట్లే మనశ్శుద్ధికిని ఒక ప్రత్యేక స్థలము, ప్రత్యేక సమయము ఉండవలెనని తలచుట సహజమే. కాని సంసారికి దినములో అట్టి సమయమెంత? ఉదయమున ఒక పావుగంట, సాయంకాలము దీపము వెలిగించు నాలుగు నిమిషములు. తక్కిన దినమంతయు నీళ్ళు పట్టుట, కూరలు కొనుట, బిడ్డను బడికి దింపుట, మందులు తెచ్చుట, బిల్లు కట్టుటకు వరుసలో నిలుచుట మొదలగు చిల్లర పనులలోనే గడచిపోవును. ఈ చిల్లర పనుల వేళ మనస్సు పాటింపవలసిన ధర్మమేదియు లేదా? ఉన్నచో అదెట్టిది? ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించును. కాని మనుష్యుని ఆయుర్దాయములో అధికభాగమును గూర్చిన ప్రశ్న యగుటచే అది చిన్నది కాదు.

యాంగోను నగరము నడిబొడ్డున, నదీతీరమునకు చేరువగా లమ్మడా అను పేట కలదు. నగరమును 1989 వరకు లోకము రంగూనని పిలిచెను. లమ్మడా యను పేరునకు బర్మీయ భాషలో గౌరవము గల పెద్దబాట, రాజమార్గము అని అర్థము. ఆంగ్లేయుల కాలమున ఆ వీథి పేరు గాడ్విన్ రోడ్డు. నాటి ఫ్రేజరు వీథి నేడు అనోరథా రోడ్డు. నాటి డల్హౌసీ వీథి నేడు మహాబందూలా రోడ్డు. ఈ వీథులలోని ఇరుకైన పొడవాటి మేడలకు పై అంతస్తుల నుండి త్రాళ్ళు వ్రేలాడుచుండును. పత్రికగాని చిన్న సంచిగాని ఆ త్రాటికి తగిలించినచో పైనున్నవారు లాగికొందురు. తెల్లవారుజామున భిక్షుకులు పాదరక్షలు లేక, భిక్షాపాత్ర పట్టుకొని, చూపు నేలపై నిలిపి వరుసగా సాగిపోవుదురు. వారి ప్రక్కనే కూరల బుట్టలు, తమలపాకుల బల్లలు, తేనీటి దుకాణముల పొట్టి పీటలు. ధ్యానమును బజారును ఒకే కాలిబాటపై నడచు చోటది. కనుక పై ప్రశ్నను విచారించుటకు ఇంతకంటె తగిన స్థలము దొరకదు.

తెలుగువారికి ఆ నగరము పరాయిది కాదు. చెరకుతోటలకు గిరిమిట్ వ్రాసి మారిషసునకు, నేటాలునకు, ఫిజీకి పోయినవారు కొందరైతే, మేస్త్రీ యొద్ద బయానా పుచ్చుకొని రంగూను ఓడ నెక్కినవారు మరికొందరు. గోదావరి, విశాఖ, గంజాము తీరముల నుండి పోయిన ఆ జనులు రేవులో బస్తాలు మోసిరి, ధాన్యపు మిల్లులలో పనిచేసిరి, రిక్షాలు లాగిరి. కాగితము వేరైనను అప్పు ఒకటే, సముద్రమొకటే. రంగూనులోను, మారిషసులోను గూడ వారికి పడిన పేరు ఒక్కటే: కోరంగివారు. గోదావరి ముఖమునగల కోరంగి రేవు పేరు లక్షల మనుష్యుల నుదుట ముద్రగా నిలిచెను.

బజారునకు పోవు ఒక గృహిణిని ఊహింపవచ్చును. ఆమె లమ్మడాలో మూడవ అంతస్తు నుండి సంచి పట్టుకొని దిగుచున్నది. పాదములు మెట్లపై నున్నవి. మనస్సు నెలాఖరున కట్టవలసిన అద్దెపై నున్నది. వీథిలోనికి వచ్చినది; మనస్సు నిన్న ఆడపడుచు అన్న మాట చుట్టును తిరుగుచున్నది. చేపలు కొన్నది, డబ్బిచ్చినది, ఇంటికి వచ్చి లెక్క చూచుకొన్నది. ఒక నోటు తక్కువైనది. ఆ క్షణమున మనస్సు విచారణ లేకయే తీర్పు చెప్పెను: చేపలమ్మియే మోసగించినది, ఆ జాతియే అట్టిది. గడియ తరువాత ఆ నోటు తన సంచి అడుగున మడతలో దొరికెను. చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతయు వెదకినట్లు, తన చేతితో తానుంచిన నోటును ఒకరి దొంగతనముగా మార్చుకొన్నది.

ఇందులో రెండు దోషములున్నవి. మొదటిది పరధ్యానము. తెలుగు భాష ఈ స్థితికి ఎంత తగిన పేరు పెట్టినది! ధ్యానము లేకపోవుట కాదు, పరమైన దానిపై ధ్యానము. మనస్సు ఊరక యుండదు. ఇచ్చట లేనప్పుడు మరియొకచోట నిశ్చయముగా నుండును. రెండవ దోషము తొందరపాటు తీర్పు. మొదటిది రెండవదానికి తల్లి. చూడవలసిన వేళ చూడనివాడు, చూడని ఖాళీని ఊహతో నింపును. ఆ ఊహకు పాత అభిప్రాయములే ముడిసరకు.

ఈ రెండు దోషములకును మందును ఆ నగరమే ఇటీవలి కాలమున లోకమునకు పంచిపెట్టెను. బౌద్ధుల సతిపట్ఠాన సుత్తమునందు ఎరుక అభ్యాసము కూర్చున్నవానికి మాత్రమే చెప్పబడలేదు. ముందునకు పోవుట, వెనుకకు వచ్చుట, చూచుట, చేయి ముడుచుట, చాచుట, వస్త్రము ధరించుట, తినుట, త్రాగుట, మలమూత్ర విసర్జనము గూడ ఎరుకతో చేయవలసిన పనులుగానే చెప్పబడినవి. మహాసి సయాడో (1904–1982) 1949లో రంగూనునకు వచ్చి, అచ్చటి ధ్యానకేంద్రములో ఈ పద్ధతిని సామాన్య గృహస్థులకు నేర్పెను. నడచునప్పుడు పాదమెత్తుట, జరుపుట, దింపుట అను మూడు చేష్టలను వరుసగా గుర్తించుట. కోపము వచ్చినచో కోపమని, నొప్పి కలిగినచో నొప్పియని గుర్తించుట. దానిని తరిమివేయకుండ, దానితో కొట్టుకొనిపోకుండ నుండుట. ఇదియే ఆ పద్ధతి సారము.

అదే నగరమున ఊ బా ఖిన్ (1899–1971) అను ఉద్యోగి 1948లో స్వతంత్ర బర్మాకు అకౌంటెంట్ జనరల్ అయ్యెను. ఆయన 1950లో తన కార్యాలయములోని వారికొరకు ధ్యానసంఘమును, 1952లో ఒక ధ్యానకేంద్రమును నెలకొల్పెను. జమాఖర్చుల దస్తరముల నడుమ ధ్యానమునకు చోటు దొరకునని ఆయన జీవితమే సాక్ష్యము. మాండలేలో 1924లో పుట్టిన భారతీయ వర్తక కుటుంబీకుడు సత్యనారాయణ గోయెంకా ఆయన శిష్యుడు. గోయెంకా 1969లో ఆ విద్యను భారతదేశమునకు తెచ్చెను. 1976లో హైదరాబాదు చెంత నాగార్జునసాగరు రోడ్డులో ధ్యానకేంద్రము వెలసెను. ఒకనాడు అమరావతిలోను, నాగార్జునకొండలోను వర్ధిల్లిన ధర్మము బర్మా నుండి తిరిగి తెలుగునేలపై అడుగిడెనని చెప్పవచ్చును.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి ఏ గురువును, ఏ పద్ధతిని అంగీకరింపలేదు. ఐనను ఎంపిక లేని ఎరుకను గూర్చి, అనగా ఇది మంచి, ఇది చెడ్డ యని ముందే ఏరుకొనక ఉన్నదానిని ఉన్నట్లు చూచుటను గూర్చి, జీవితమంతయు చెప్పెను. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలయందు జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలపు నొప్పులతో బాధపడు రోగులకు ఇట్టి అభ్యాసమునే నేర్ప మొదలిడెను. దారులు వేరు, కొన్నిచోట్ల పరస్పర విరుద్ధములు. ఐనను తీర్పునకు ముందు చూపు ఉండవలెనను మాటలో అందరును కలిసిరి.

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టును. అది న్యాయమైన ఆక్షేపణ. తీర్పు లేని ఎరుకయే ధర్మమైనచో, అన్యాయమును అన్యాయమనుట యెట్లు? కూలి నుండి తన భాగము కోసికొను మేస్త్రీకి, తన క్రింది కూలీ శ్వాసను గమనించుచు ఊరకుండుటకంటె కావలసినదేమి? బస్తా క్రింద నలుగుచున్నవానితో నొప్పిని నొప్పియని గుర్తింపుమని చెప్పుట ధర్మబోధయా, లేక దొరల పక్షపు జోలపాటయా? కష్టజీవుల సంతతివారు ఈ ప్రశ్న అడుగక తప్పదు. అడుగనిచో ఆ పూర్వుల చెమటకు అపచారము చేసినవారగుదురు.

దీనికి సమాధానము బజారు త్రాసులోనే దొరకును. బర్మా బజారులో నడచు పాత తూకమును ఆంగ్లేయ వర్తకులు తమ లెక్కలలో విస్ అని వ్రాసికొనిరి. అది దక్షిణదేశపు వీశె యను మాటయే. కాని బర్మా వీశె ఇంచుమించు 1.63 కిలోలు, మద్రాసు రాజధానిలో చెల్లిన వీశె ఇంచుమించు 1.4 కిలోలు. పేరొకటే, బరువు వేరు. ఓడ దిగిన కొత్తవాడు తన ఊరి వీశెను మనస్సులో పెట్టుకొని అచ్చటి ధర విన్నచో తప్పక పొరబడును. అతని త్రాసు చెడ్డది కాదు. చేతిలోనున్న రాయి మరియొక ఊరిది. మనుష్యులను తూచుటయందును జరుగు పొరపాటిదే. నిన్నటి అనుభవమను రాతితో నేటి మనుష్యుని, ఒకని తప్పు అను రాతితో అతని జాతి నంతటిని తూచుట.

కనుక తీర్పు లేకుండ చూచుట యనగా త్రాసును పారవేయుట కాదు. తూచుటకు ముందు తట్టలను తుడుచుట, ముల్లు నడుమ నిలుచు వరకు ఆగుట. తట్ట అడుగున అంటుకొన్న చింతపండు తీయకుండ తూచిన తూకము ఎవనికిని న్యాయము చేయదు. బౌద్ధశాస్త్రము గూడ ఎరుకతో పాటు వివేకమును జోడించియే చెప్పెను. ద్వేషముతో కూడిన చిత్తమును ద్వేషముతో కూడినదని తెలిసికొనవలెనని చెప్పినప్పుడు, ద్వేషమును మంచిగుణముగా ఎంచుమని చెప్పలేదు. గుర్తించుట వేరు, శిక్ష విధించుట వేరు. గుర్తింపు లేని శిక్ష కసి యగును. గుర్తింపు తరువాత వచ్చు నిర్ణయమే న్యాయము కాగలదు.

తొందరపాటు తీర్పు ఎంత దూరము పోగలదో రంగూను చరిత్రయే చెప్పును. 1930 మే నెలలో రేవులోని తెలుగు కూలీలు కూలి పెంపు కోరి సమ్మె చేసిరి. వారి స్థానమున బర్మీయ కూలీలను పనిలోనికి తీసికొనిరి. సమ్మె ముగిసి పాతవారిని మరల తీసికొనగా, తమను తొలగించిరని బర్మీయులు రగిలిరి. నెలాఖరున నగరము రక్తసిక్తమయ్యెను. వందమందికి పైగా మరణించిరి, వారిలో అత్యధికులు భారతీయులు. రెండు పక్షములందును ఉన్నవారు కడుపుకొరకు బస్తా మోయువారే. ఒకరి కూలిని తగ్గించుటకు మరియొకరిని వాడుకొను ఏర్పాటు ఎవ్వరి కంటికిని ఆనలేదు. కనిపించినది ఎదుటివాని తలపాగా, లుంగీ, భాష మాత్రమే. బర్మీయుని దృష్టిలో అతడు కలా, అనగా పరదేశి భారతీయుడు. భారతీయుని దృష్టిలో ఇతడు సోమరి. ఈ రెండు మాటలే రెండు తప్పుడు రాళ్ళు.

ఇచ్చట మరియొక సంగతి గమనింపదగినది. ఆ కూలీల సమ్మె తీర్పు కాదా? అవును, తీర్పే. కాని అది తమ శ్రమను, తమ పస్తులను కన్నులార చూచిన తరువాత పుట్టిన తీర్పు. తరువాతి హత్యాకాండ చూపు లేని తీర్పు. ఎరుక మొదటిదానిని ఆపదు. రెండవదానిని మాత్రమే ఆపును. బస్తా వీపున వేసికొని, ఓడకును ఒడ్డునకును నడుమ వేసిన సన్నని పలకపై నడచు కూలీకి ప్రతి అడుగు ఎరుకతో పడవలసినదే. పరధ్యానము ఆ పలకపై ప్రాణాంతకము. అట్టి అడుగులు వేసిన పెద్దల మనుమలకు ఈ విద్య పరాయి దేశపు నూతన వస్తువు కాదు. అయితే ఆ పెద్దలకు బరువు నేర్పిన దానిని, వీరు తేలికైన సంచితోనే నేర్చుకొనవలెను.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న జ్ఞాపకమును గూర్చినది. 1941 డిసెంబరులో రంగూనుపై జపానువారి బాంబులు పడిన తరువాత లక్షలమంది భారతీయులు బర్మాను విడిచిరి. 1942లో అడవులలో, కొండదారులలో కాలినడకన పోవుచు వేలమంది కూలిపోయిరి. 1964లో దుకాణములు జాతీయము కాగా మరల ఎందరో చేతిసంచులతో తిరిగిరి. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు ఆ రాకకు ఆనవాలు. వెనుక మిగిలి, లమ్మడా వంటి వీథులలో బ్రదికిన కుటుంబములకు ఒక్కొక్క మేడ ఒక్కొక్క గాయము. అట్టి వీథిలో కూరగాయలకై పోవు వృద్ధునితో, గతమును మరచి ఈ క్షణములో నుండుమని చెప్పుట దయలేని మాట యగును.

అదృష్టవశమున ఆ విద్య అట్లు చెప్పదు. పాళీలో సతి యనునది సంస్కృతములోని స్మృతియే. స్మృతికి జ్ఞాపకమనియు అర్థము, ఎరుకయనియు అర్థము. ఒకే మాటలో రెండును ఇమిడియుండుట యాదృచ్ఛికము కాదు. ఒక మేడ ముందు నడచునప్పుడు ఇది తండ్రి పోగొట్టుకొన్న దుకాణమున్న చోటు అను తలపు వచ్చినచో, దానిని తోసివేయనక్కరలేదు. ఇది జ్ఞాపకము, దీనితో దుఃఖమున్నది అని గుర్తించినచో చాలును. గుర్తింపబడిన దుఃఖము దుఃఖముగానే యుండును. ఇప్పుడు అదే మెట్టుపై కూర్చుండి ఉల్లిపాయలమ్ము పిల్లవానిపై ద్వేషముగా మారదు. ఆ దుకాణము పోయిననాటికి ఆ పిల్లవాడు పుట్టనైనలేదు. జ్ఞాపకమును కాపాడుకొనుచు, దానిని నిరపరాధిపై విసరకుండుటయే స్మృతి.

తెలుగులో ఎరుక యను మాటకు గూడ ఇట్టి రెండు ముఖములున్నవి. ఎరుక యనగా జ్ఞానము. ఆయన నాకు ఎరుకే అన్నప్పుడు పరిచయము. ఎరుకతో బజారునకు పోయినవానికి బజారులోనివారు ఎరుక యగుదురు. చేపలమ్మి ముఖము చూచి కొన్నవానికి, ఆమె చెంపలపై పూసిన తనకా గంధము, చలిలో బిగిసిన వ్రేళ్ళు, నిన్న లేని దగ్గు తెలియవచ్చును. అప్పుడు ఆమె ఆ జాతి కాదు, ఒక మనిషి. ఒకప్పుడు రిక్షా నెక్కిన దొరకు ముందు లాగుచున్న కోరంగివాని వీపు మాత్రమే కనిపించెను, ముఖము కనిపింపలేదు. ముఖము కనిపింపని బాధ యెట్టిదో తాతముత్తాతల ద్వారా తెలిసినవారు, తమకు కూరలమ్ము వారిని, నీళ్ళు మోయువారిని, వీథి ఊడ్చువారిని వీపులుగా చూడరాదు.

ఆచరణ కష్టమైనది కాదు, మరచిపోవుటయే సులభము. గడప దాటునప్పుడు ఒక్క నిట్టూర్పు కాలము ఆగి, పోవుచున్న పనిని తలచుట. మెట్లు దిగునప్పుడు పాదములకు మెట్టు తగులుట తెలియుట. వరుసలో నిలిచినప్పుడు విసుగు వచ్చినచో, విసుగు ఎదుటి గుమాస్తాలో లేదు, తనలో నున్నదని గుర్తించుట. బేరమాడునప్పుడు ధరను గూర్చి మాత్రమే మాటలాడి, మనిషిని గూర్చి మాటలాడకుండుట. చిల్లర పుచ్చుకొనునప్పుడు కన్ను చేతిపై నుంచుట. నూరుసార్లు మనస్సు పారిపోయినను, పారిపోయినదని తెలిసిన నూరుసార్లును అది తిరిగి వచ్చినట్లే. అందుకొరకు తన్ను తాను తిట్టుకొనుట గూడ ఒక తీర్పే. అదియు అవసరము లేదు.

ఆ గృహిణి మరునాడు మరల బజారునకు పోవును. ఈమారు నిజముగనే తూకము తగ్గెననుకొనవచ్చును. అమ్మాయీ, ఒక్కసారి మరల తూచి చూపుము అని ఆమె అడుగును. గొంతులో నిన్నటి ఆడపడుచు లేదు, నెలాఖరు అద్దె లేదు, జాతిని గూర్చిన మాట లేదు. తక్కువైన చేప తట్టలో పడును, లేక కొలత సరియే యని తేలును. ఏది జరిగినను ఆమె హక్కు చెడలేదు, ఎదుటిదాని మర్యాద చెడలేదు. సంచి భుజమున వేసికొని ఆమె మరల మెట్లెక్కును, ఒక్కొక్క మెట్టును ఎక్కుచున్నట్లు తెలిసికొనుచు.